దొడ్డి పటం గీయించిన నక్క

గుట్ట కింద, మిరప చేలకీ వాగుకీ మధ్యనున్న దొడ్డిని ఊళ్లో అందరూ నాగభూషణం దొడ్డి అంటారు. నాగభూషణం పొద్దున్నే లేచి టీకొట్టుకి వెళ్లి, వ్యవసాయం ఎందుకు గిట్టుబాటు కావడం లేదో అక్కడున్న వాళ్లందరికీ వివరించి, అన్నం వేళకి ఇంటికొస్తాడు. పేడ తీసేదీ, గడ్డి వేసేదీ, పాలు పితికేదీ, ఆ తర్వాత చేలోకి పోయి కలుపు తీసేదీ అతని భార్య పేరంటాలు. అయినా అది నాగభూషణం దొడ్డే.

దొడ్డిలో జంతువులు కూడా ఈ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకున్నాయి.

అక్కడ డేగపుంజు అని ఒక కోడిపుంజు ఉండేవాడు. తను కూయకపోతే సూర్యుడు దుప్పటి తీయడని అతని గట్టి నమ్మకం. రాత్రిళ్లు మునగకొమ్మ మీద పడుకునేవాడు. గూట్లోకి దూరడం పెట్టలు చేసే పని అని అతని ఉద్దేశం. అతని పెళ్లాల్లో మిగిలింది బొట్లపెట్ట ఒక్కతే. మిగతా వాళ్లు చుట్టాలు వచ్చినప్పుడల్లా కూరైపోయారు. ఆ దుఃఖాన్ని డేగపుంజు మగవాడిలా దిగమింగాడు, అంటే మర్నాడే మర్చిపోయాడు.

బొట్లపెట్ట ఏదీ మర్చిపోయే రకం కాదు. కిందటిసారి పొదిగి లేపిన పిల్లలన్నిటినీ ముంగిస ఎత్తుకుపోయింది. గూటి తలుపు గొళ్లెం ఊడిపోయిందని మొత్తుకుంటే మొగుడు వినలేదు. అందుకే ఈసారి పుట్టిన పిల్లల్ని ఆమె ఆ గూట్లో ఉంచలేదు. అవి ఇంకా పసుపుపచ్చని నూగుతో, పిడికెడంత ఉన్నాయి. చప్పుడు చేయకుండా వాటిని గేదె మేతతొట్టి కిందికి చేర్చింది. ఈసారి ఒక్కటి పోయినా ఇంక పొదగనని ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పొద్దుట దొడ్డి గేటు ముందుకి నక్క వచ్చాడు. మెడలో సంచీ, ముక్కు మీద ఎవరో పారేసిన కళ్లజోడు.

గేటు దగ్గర టైగర్ లేచి నిలబడ్డాడు. పేరుకే టైగర్, మనిషి కుక్క.

"ఆగు! నక్కవి కదూ నువ్వు?"

"పుట్టుక చేత నక్కనేనండీ. వృత్తి చేత పరిశోధకుణ్ణి."

"అంటే?"

"పల్లెల్నీ, వ్యవసాయాన్నీ, మీబోటి వాళ్ల బతుకుల్నీ అధ్యయనం చేస్తాను. మీ గురించి లోకానికి తెలియజేస్తాను."

"మాంసం తింటావా?"

"మానేశాను. తినేవాళ్లని అధ్యయనం చేసీ చేసీ రోత పుట్టింది."

టైగర్ ముక్కు ఎగబీల్చాడు. "నీ దగ్గర కోళ్ల వాసన వస్తోందే?"

"కిందటి ఊళ్లో కోళ్లతో చాలా దగ్గరగా పనిచేశాను లెండి," అన్నాడు నక్క వినయంగా. "ఇంతకీ, లోపలికి రావాలంటే ఇక్కడి రక్షణాధికారిగారి అనుమతి కావాలట. వారెక్కడ ఉంటారో కాస్త చెబుతారా?"

టైగర్‌ని పుట్టిన దగ్గర్నించీ ఎవరూ అధికారి అనలేదు. నోరారా అన్నదల్లా "ఛీ, పో" అనే.

"నేనే," అన్నాడు, ఛాతీ విరుచుకుని. గేటు తనే తోసి పట్టుకున్నాడు.

నక్క ముందుగా ఇంటింటి ప్రశ్నల పద్ధతి మొదలుపెట్టాడు. కొట్టం దగ్గరికి పోయి, "కుటుంబ పెద్ద ఎవరండీ?" అని కేకేశాడు.

మైలెద్దు నెమరు ఆపి, "నేనే," అన్నాడు.

"ఇక్కడ వ్యవసాయం చేసేదెవరు?"

"అదీ నేనే. నేను దున్నకపోతే గింజ ఎక్కడిది?"

పక్క గుంజ దగ్గర గేదె తోక విదిలించింది. "ట్రాక్టరొచ్చాక నువ్వు దున్నిందెప్పుడు బాబూ? పూటపూటా పాలిచ్చి దొడ్డిని నిలబెడుతున్నది నేను."

"చూడమ్మా," అన్నాడు నక్క, "కుటుంబ పెద్ద మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదు. ఆడవాళ్లకి వేరే సమావేశం ఉంటుంది."

"ఆయన నాకేమవుతాడని కుటుంబ పెద్ద? పక్క గుంజకి కట్టేశారు, అంతేగా!"

"అదే కుటుంబం," అన్నాడు నక్క, సంచీ సర్దుకుని.

మైలెద్దు పాపం మంచివాడే. తను చేయని పనులు కూడా తనవేనని ఎవరో గౌరవంగా చెబుతుంటే కాదనడానికి నోరు రాలేదు. ఆ బలహీనత ఎద్దులకే ఉంటుందని నేను అనను.

తర్వాత టైగర్ వంతు.

"దొడ్డిని కాపలా కాసేది?"

"నేనొక్కణ్ణే."

"మీ శ్రీమతిగారు?"

"బూడిదా? అది పనేం చేయదండీ. ఇంటి దగ్గరే ఉంటుంది. మొన్ననే పిల్లల్ని పెట్టింది కూడాను."

"అయితే పనిలేనివాళ్ల కిందికి వస్తారు. ఎక్కడ ఉంటారు?"

"గడ్డివాము దగ్గర. ఇంకెక్కడికి పోతుంది!"

నిజానికి మొన్న కురిసిన వానకి వాము అడుగంతా తడిసిపోయింది. బూడిద రంగు ఆడకుక్క తన కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని, కోళ్లు ఖాళీ చేసిన గూట్లోకి చేర్చుకుంది. గూడు పెద్దదే, మూతి మాత్రం బక్కచిక్కిన బూడిద ఒదిగి దూరేంత ఇరుకు. లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఈ సంగతి టైగర్‌కి తెలియదు. కూనలు పుట్టాక ఒకసారి దూరం నుంచి చూసి, అన్నీ తన పోలికే అని తృప్తిపడి వెళ్లినవాడు మళ్లీ అటు రాలేదు. నక్క కూడా వెళ్లి చూడలేదు. పనిలేనివాళ్లని చూడ్డానికి ఎవరు పోతారు?

నిజమైన పరిశోధకులు చాలామంది అడిగే పద్ధతి కూడా ఇదే. వాళ్లకి కోడిపిల్లలు అక్కర్లేదు, అంతే తేడా.

ఎండ కాస్త ముదిరేసరికి నక్క అందర్నీ కళ్లంలోకి పిలిచాడు.

"బయటివాడు వచ్చి మీ ఊరి పటం గీస్తే అది పెత్తనం అవుతుంది," అన్నాడు, ముందు కాలు గాల్లో ఊపుతూ. "మీ పటం మీరే గీసుకుంటే అది భాగస్వామ్యం. ఇదిగో పొయ్యి బూడిద, దీంతో కంచె వేయండి. ఇదిగో ఊక, దీంతో దారులు పోయండి. నూకలు తెచ్చాను. ఎవరెక్కడ ఉంటారో అక్కడ నూకలు పెట్టండి. ఎవరు గీస్తారు?"

ఆ ప్రశ్న పూర్తికాకముందే డేగపుంజు కళ్లం మధ్యలో ఉన్నాడు.

ముందుగా మునగచెట్టు గీశాడు. దొడ్డి అంతటి మునగచెట్టు. దాని మీద తను. దాని పక్కన సూర్యుడు. మిగిలిన చోట్లో కొట్టం, గేటు, గడ్డివాము ఇరుక్కుని కూర్చున్నాయి.

"అద్భుతం!" అన్నాడు నక్క. "మరి తమరి పిల్లలు ఎక్కడ పడుకుంటారో?"

"గూట్లో. కోళ్లు గూట్లో కాక ఎక్కడ పడుకుంటాయండీ?"

"ఎంతమంది పిల్లలు?"

"చాలామంది."

"తండ్రిగారికి లెక్క తెలియదా?"

"లెక్కపెట్టుకుంటూ కూర్చోడానికి నాకేమన్నా పనిలేదా సారూ?"

బొట్లపెట్ట ముందుకొచ్చింది. "ఏవయ్యా, అది కాదు. మన పిల్లలు ఆ..."

"నోరు ముయ్యవే! సారుగారి ముందు పరువు తీస్తావా? పటాలంటే నీకు తెలుసా, ముగ్గులంటే తెలుస్తుంది గానీ."

డేగపుంజు ఠీవిగా గూటి బొమ్మ మీద నూకలు గుమ్మరించాడు. మరుక్షణం కోడిపిల్లలన్నీ కిచకిచమంటూ పటంలోకి దూరి ఆ నూకల్ని ఏరుకు తినడం మొదలెట్టాయి. నక్క వాటిని అదిలించలేదు. కళ్లజోడు జారిపోతుంటే పట్టించుకోకుండా అలా చూస్తూ ఉండిపోయాడు. మూతి పక్క నుంచి తీగలా ఏదో కారితే నాలికతో తుడుచుకున్నాడు.

బొట్లపెట్ట అది చూసింది. మెల్లిగా వెనక్కి తగ్గి కొట్టంలోకి పోయింది.

"గేదెత్తా, ఇతను వ్యవసాయం గురించి రాయడానికి వచ్చానన్నాడు కదూ?"

"అన్నాడు."

"మిరపకి తెగులెందుకొచ్చిందని అడిగాడా?"

"లేదు."

"వాగులో నీళ్లెన్నాళ్లు ఉంటాయని?"

"ఉహూఁ."

"నా పిల్లలు పడుకునే చోటడిగాడు. గూటికి గొళ్లెం ఉందా అని ఇందాక మా ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగాడు. టైగర్ ఏ వేళకి దొడ్డిలో ఉండడో అడిగాడు. ఇదంతా ఏ పంటకి పనికొస్తుందత్తా?"

గేదె నిదానంగా నెమరేసింది. "కోడికూర పంటకి."

బొట్లపెట్ట కళ్లంలో నూకలు ఏరుకుంటున్న పిల్లల వైపు చూసింది.

"పటం తప్పని ఇప్పుడే గట్టిగా చెప్పు," అంది గేదె. "నలుగురిలో కేకెయ్యి."

"చెప్పబోయాను, తిట్టాడు," అంది బొట్లపెట్ట. ఆమె కళ్లు గూటి వైపు తిరిగాయి. "తిట్టడమే మంచిదైంది. ఆ తప్పు అలాగే ఉండనీ."

"గూట్లో ఇప్పుడు..."

"ఆఁ. అక్కడికే పోతున్నాను."

గూటి మూతి దగ్గర నిలబడి గొంతు తగ్గించి పిలిచింది. "వదినా, నిద్రపోతున్నావా?"

"నిద్రా!" లోపలి నుంచి బూడిద గొంతు గుర్రుమంది. "ఒకడు వదిలితే ఇంకొకడు పట్టుకుంటున్నాడు. కన్ను మూసి ఎన్నాళ్లయిందో. ఏం కావాలి?"

"నక్క వచ్చాడు. నా పిల్లల కోసం. మగాళ్లు వాడికి నీ గుమ్మం చూపించారు, నా పిల్లలు ఇక్కడ ఉన్నారనుకుని."

లోపల కూనల్ని వెనక్కి నెట్టిన చప్పుడైంది.

"నువ్వు వద్దంటే చెప్పు," అంది బొట్లపెట్ట. "ఇప్పుడే కేకేసి అల్లరి చేస్తాను. ఈ పూటకి పారిపోతాడు. ఇంకో రోజు ఇంకో కళ్లజోడు పెట్టుకొస్తాడు. నీ కూనలూ పసివాళ్లే. నీ మాట లేకుండా నేనేమీ చేయను."

బూడిద తల బయటికి పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెవి మీద ఒక కూన వేలాడుతున్నాడు.

"పుట్టిన దగ్గర్నించీ వీళ్లు నన్ను కొరుకుతున్నారు. నేను ఒక్కణ్ణీ కొరకలేదు," అంది. "రానీ."

అటు కళ్లంలో నక్కకి ఒక విషయం గుర్తొచ్చింది. ఆడవాళ్ల అభిప్రాయం కూడా తీసుకోకపోతే నివేదికకి నిండుదనం రాదు. అందుకని పెట్టనీ గేదెనీ పిలిచి ఆడవాళ్ల సమావేశం పెట్టాడు. డేగపుంజు, టైగర్, మైలెద్దు ముందు వరసలో కూర్చున్నారు.

"మీ సమస్యలు మొహమాటం లేకుండా చెప్పండమ్మా."

"వీళ్లకేం సమస్యల్లేవండీ," అన్నాడు డేగపుంజు.

"వాళ్ల నోటితోనే విందాం. ఏమ్మా, పిల్లలు గూట్లోనే పడుకుంటారా?"

బొట్లపెట్ట తల వంచుకుని కాలితో నేల గీసింది. అంత సిగ్గు ఆమె పెళ్లిలో కూడా పడలేదు.

"మాకేం తెలుసండీ సారూ. ఆయన చెప్పాక మళ్లీ నన్నడుగుతారేంటండీ? ఆయన గీసిందే మాకు పటం."

"ఆహా!" డేగపుంజు మెడ నిక్కించాడు. "చూశారా సారూ, మా ఇంటి పద్ధతి?"

"మధ్యాహ్నం కూడా గూట్లోనే ఉంటారా?"

"ఎండకి ఇంకెక్కడుంటారండీ. ఒకళ్ల మీద ఒకళ్లు పడి మొద్దు నిద్ర. గొళ్లెమా? అదెప్పుడో ఊడిపోయిందండీ. ఆడదాన్ని, నేనేం బిగిస్తాను?"

గేదె దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది.

"అప్పుడు టైగర్‌గారు కాపలా ఉంటారు కదా?"

"ఉంటారండీ. పేరంటాలమ్మ చేలోకి అన్నం పట్టుకెళ్లే వేళకి మాత్రం ఆవిడ వెనకాలే వెళ్తారు. ఆవిడకేం కాకుండా చూసుకోవాలి కదండీ."

"అన్నం కోసం కాదు," అన్నాడు టైగర్ చప్పున.

"ఛ ఛ, అన్నం కోసమని ఎవరన్నారండీ?" అంది బొట్లపెట్ట.

నక్క పరమానందంతో లేచాడు. "మగవాళ్లు చెప్పిందీ ఆడవాళ్లు చెప్పిందీ అక్షరం తేడా లేకుండా కలిసిపోయింది. ఇంత నిక్కమైన సమాచారం నాకు ఏ ఊళ్లోనూ దొరకలేదు. ఇక సెలవు."

వాగు గట్టు దాకా టైగర్ అతన్ని సాగనంపి వచ్చాడు.

పేరంటాలు గిన్నె నెత్తిన పెట్టుకుని చేలోకి బయల్దేరింది. టైగర్ తోకాడిస్తూ వెనకాలే పోయాడు. మైలెద్దు కళ్లు మూసుకున్నాడు. డేగపుంజు మునగకొమ్మ మీద ఆకుల నీడలో రెక్కలు దులుపుకుని, పటం గురించి లోకం ఏమనుకుంటుందో ఊహిస్తూ కునుకు తీశాడు. బొట్లపెట్ట పిల్లలన్నిటినీ మేతతొట్టి కిందికి తోలింది. గేదె వాటికి అడ్డంగా పడుకుంది.

కంచె కింద నుంచి ముందు కళ్లజోడు వచ్చింది, తర్వాత నక్క.

పటం అతనికి కంఠతా వచ్చు. గడ్డివాముకి ఎడమ పక్కన, కంచెని ఆనుకుని, గొళ్లెం లేని గూడు. తలుపు ముక్కుతో నెట్టాడు. అది కిర్రుమనకుండా తెరుచుకుంది. లోపల మెత్తగా, వెచ్చగా, ఒకదాని మీద ఒకటి పడుకున్న చిన్న చిన్న ఊపిరులు వినబడ్డాయి. సమాచారం ఎంత నిక్కమైనదో! పొట్ట బిగపట్టి, ఇరుకు మూతిలోంచి భుజాల దాకా లోపలికి దూరాడు. నోరు తెరిచాడు.

అప్పుడు పాలవాసన తగిలింది.

కోళ్లు పాలివ్వవని నక్కకి తెలుసు. ఆ మాత్రం చదువుకున్నాడు. కానీ ఆ ఆలోచన పూర్తయ్యేలోపు అతని కుడి చెవి అతనిది కాకుండా పోయింది.

"అమ్మా! అమ్మా! వదలండమ్మా! నేను పరిశోధకుణ్ణి!"

బూడిద నోరు నిండుగా ఉండటం వల్ల ఏమీ అనలేదు.

నక్క వెనక్కి లాక్కోబోయాడు. భుజాలు గూటి మూతిలో ఇరుక్కున్నాయి. బయట మిగిలిపోయిన సగం మీదికి బొట్లపెట్ట ఎగిరింది. ముంగిస ఎత్తుకుపోయిన పిల్లల్ని తలుచుకుని ఒక్కొక్క పోటూ పొడిచింది. లోపల చెవి, బయట తోక. మధ్యలో ఉన్న నక్క రెండు వైపులా ఒకేసారి ఏడ్చాడు.

"మీరు... మీరు పని చేయరని రాసుకున్నానమ్మా!" అని మూలిగాడు, అదే తన ప్రాణానికి హామీ అన్నట్టు. "మీతో తీరిగ్గా మాట్లాడతాను!"

"ఆమె ఇప్పుడు పనిలో ఉంది సారూ," అంది బొట్లపెట్ట, పొడవడం ఆపకుండా. "తర్వాత రండి."

అప్పుడే కొట్టంలోంచి గేదె బ్రహ్మాండంగా అరిచింది. ఉలిక్కిపడిన డేగపుంజు కొమ్మ మీంచి ఇంకా పైకొమ్మకి ఎగిరి, అక్కడి నుంచి ప్రాణభయంతో కూత పెట్టాడు. మైలెద్దు లేచి, "ఏంటి, ఏంటి?" అని రెండుసార్లు అడిగి, ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి మళ్లీ పడుకున్నాడు.

నక్క ఎలా ఊడి బయటపడ్డాడో అతనికే తెలియదు. చెవి గూట్లో ఉండిపోయింది, తోక వెంట్రుకలు గుమ్మంలో. కళ్లజోడు ఎక్కడ పోయిందో చూసుకోలేదు. కళ్లం మధ్య నుంచి, పటం మీదుగా, బూడిద కంచెనీ ఊక దారుల్నీ ఎగజిమ్ముకుంటూ గుట్ట మొహం పట్టాడు.

టైగర్ చేలోంచి మూతి నాకుతూ తిరిగొచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. ఆ దుమ్మునే వాగు దాకా తరిమి వచ్చాడు.

"నా చప్పుడు వినే పారిపోయాడు," అన్నాడు రొప్పుతూ.

"నేను కూయబట్టి కదూ!" అన్నాడు డేగపుంజు, కొమ్మ దిగకుండానే.

ఇద్దరికీ చాలాసేపు వాదన జరిగింది. బొట్లపెట్ట వాళ్లని పట్టించుకోలేదు. మేతతొట్టి కింద తల పెట్టి, ఒక్కొక్క పిల్లనీ ముక్కుతో తాకి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు గూటి దగ్గరికి నడిచింది.

"వదినా, నీ కూనల్ని కాసేపు నేను చూస్తాను. నువ్వు పడుకో."

"నీ రెక్కల కింద కుక్కపిల్లలా?"

"నాలుగైతే పడతాయి. మిగతావాళ్లని గేదెత్త చూస్తుంది."

బూడిద అప్పటికే నిద్రపోయింది.

ఆ సాయంత్రం గుట్ట మీద నక్కలన్నీ గుంపుగా చేరాయి.

"చెవేదిరా?"

"క్షేత్ర పర్యటనకి వెళ్లాను."

"పల్లెటూళ్లు ఎలా ఉన్నాయి?"

"మగవాళ్లు చాలా సహకరించారు," అన్నాడు నక్క. "అడిగినవన్నీ చెప్పారు. అడగనివీ చెప్పారు. పటం కూడా గీసిచ్చారు."

"మరి ఆడవాళ్లు?"

నక్క కూర్చుందామని చూశాడు. కుదరలేదు. నిలబడే అన్నాడు.

"వాళ్లూ మగవాళ్లు చెప్పిందే చెప్పారురా. అక్కడే దెబ్బ తిన్నాను."

సగం ఊరిని అడిగి ఊరంతా తెలిసిపోయిందనుకున్నవాడు, ఆ మిగతా సగం చేతికి చిక్కుతాడు.